మోతి మెడల కర్ర

"అమ్మమ్మా, మా కుక్కపిల్లను ఎవలకన్న ఇచ్చేస్తనే. చిన్నప్పుడు ఎంత మంచిగుండె! ఇప్పుడు పిలిస్తే రాదు, చెప్పులన్ని కొరుకుతాంది. నిన్న బాపు మీద గుర్రుమన్నది."

ఎన్ని నెలలే సుజాతా దానికి? ఎనిమిదా? మరి ఎనిమిది నెలలకు గుర్రుమనక దండం పెడతదా? ఇచ్చేస్తదట! ఆ టీవీ బంద్ చెయ్యి. ఇట్ల కూసో, జర ఇను.

నీకు నా కుక్క మోతి ముచ్చట చెప్పలే కదా నేను. మీ అమ్మకు చెప్పిన, సగం ఇని నిద్రపోయింది.

అప్పుడు పెద్ద లడాయి నడుస్తుండె, ఎక్కడో పరాయి దేశాలల్ల. మనకేం ఎరుక? బజార్ల గ్యాసునూనె దొరుకకపోతే లడాయి అనేటోళ్ళు, గంతే. ఆ యేడు గత్తరొచ్చి మీ తాత పోయిండు... మీ తాత కాదు, ఆగు. మీ తాత నన్ను మారుమనువు చేసుకున్నది ఆ తర్వాత. ఇది మొదటాయన, సాయన్న. ఒక్క రోజుల వాంతులు, భేదులు, అయిపోయింది. నాకు పందొమ్మిదేండ్లు ఉంటయేమో. ఆయన మంద నాకు మిగిలింది. హసన్‌పర్తి అవతల గుట్టల దిక్కు మా దొడ్డి. దొడ్డంటే చుట్టూ ముండ్లకంప పెట్టి గొర్లను తోలే జాగ, నువ్వెప్పుడు చూసినవ్?

సాయన్న వాళ్ళ అన్న మల్లయ్య, నాకు బావ. ఆయనొచ్చి, "పిల్లా, నీ మంద నా మందల కలుపు. ఆడిది ఒక్కతి గుట్టల పొంటి తిరుగుతదా? నీకింత తిండి నేను పెడత" అన్నడు. ఇంత తిండట! నా గొర్లు తీసుకొని నాకే ముద్ద పెడతడట! ఇప్పటికీ యాదికొస్తే నాకు ఒళ్ళు మండుతది. "నా గొర్లను నేనే కాస్త" అన్న.

కులపెద్ద నడుమ కూసున్నడు. "వచ్చే దసరా దాక నువ్వే కాసుకో. నీ అజాగ్రత్తతోని ఒక్క గొర్రె పోయినా మంద మల్లయ్యకు తోలాలె" అన్నడు. సరే అన్న.

తెల్లారి మా బావ ఒక కుక్కపిల్లను సంకల పెట్టుకొచ్చి నా ముందల పడేసిండు. ఒక్క కాన్పుల పుట్టినవాటిల్ల అన్నిటికంటె బక్కది. కండ్ల నిండ పుసులు. "ఇగో నీ కావలి మనిషి" అని నవ్విండు. నలుగురి ముందల నవ్విండు బిడ్డా! దీన్నే పెంచుత అనుకున్న. కుక్క లేకుంటె గొర్ల కాపు ఏడిది? మనిషికి రెండే కండ్లాయె.

మావోళ్ళల్ల ఒక రివాజుండె. మందకు కాపు పెట్టే కుక్కను ఇంట్ల పెంచద్దు, గొర్రెపిల్లలతోని ఒక్క గంప కింద పెట్టాలె. మోతిని గట్లనే పెట్టిన. ఈనిన గొర్రెను నేను గట్టిగ పట్టుకుంటె దాని పొదుగుకు మూతి పెట్టేది.

మూడు నెలలప్పుడు చూడాలె దాన్ని. ఎవలొచ్చినా ఎల్లెలికల పడి కడుపు చూపిచ్చుడే. మా బావ వస్తే ఇంక ఎక్కువ, కాళ్ళు నాకుడు. "నీ కావలి మనిషి నాకు మొక్కుతాంది పిల్లా" అనేటోడు. అయిదో నెలల పండ్లు మారినయ్, నా గొంగడి అంచంత కొరికింది. కొత్త గొంగడి! అప్పట్ల మూడు రూపాయలు, నిజాం రూపాయలు... ఆ, అది వద్దు తియ్యి.

పక్క దొడ్డి ముసలమ్మ, "జొన్న గటకల మిరపకారం కలిపి పెట్టు, రోషమొస్తది" అన్నది. పెట్టిన. నా బుద్ధి తక్కువ. మూడొద్దులు పాపం కడుపు మండి ఏడ్చింది. రోషం రాలే, నన్ను చూస్తే గంప ఎనుక దాక్కునుడు వచ్చింది. మల్ల చేతిల ఉత్త గటక పట్టుకొని కదలకుంట కూసుంటె, నాలుగొద్దులకు వచ్చి నాకింది.

ఇగ ఎనిమిదో నెల దాటింది. అచ్చం నీ కుక్క తీరే! పిలిస్తే చెవులు తనయి కానట్టు పోయేది. దినాం నీళ్ళు తాగే కుండ బోర్ల పడితే దాన్ని చూసి మొరిగేది. ఒకపాలి భయం, ఒకపాలి మొండి. మిరుగు కార్తె వచ్చి వానలు పడ్డయ్. ఒకనాడు గొర్రెపిల్లల ఎంటబడి ఉరికిచ్చి ఉరికిచ్చి, ఒక పిల్ల బండల సందుల పడి కాలిరిగింది.

ఇంకేమున్నది? మా బావ కులపెద్దను ఎంటేసుకొని వచ్చిండు. "కుక్క రగతం మరిగింది. దాన్ని చంపి మంద తోలు" అన్నడు. రగతం మరిగిన కుక్కను ఉంచద్దు, అది మావోళ్ళ కట్టుబాటు. నేను ఆ కాలిరిగిన పిల్లను ఒళ్ళెకు తీసుకున్న. ఉన్ని పాయలు పాయలు తీసి, "మామా, ఏడ పన్ను దిగింది? చూపియ్యి!" అన్న. కులపెద్ద ఒళ్ళంత తడిమిండు. ఏడ గీత లేదు. "ఇది కొరకలే. ఒక్క గంప కింద పెరిగినయ్ కదా, ఆడుకున్నది. దానికి దాని బలం ఎరుక లేదు" అన్న.

"పిల్ల లేచి నడిస్తే గడువు గడువే. సచ్చిందంటే మంద నీది కాదు" అన్నడు కులపెద్ద.

వెదురు బద్దలు పెట్టి కాలు కట్టిన. నడిచింది పిల్ల. కుంటుకుంట నడిచింది.

ఇగ మోతి మెడకు గుదికర్ర కట్టిన. అంటే మూరెడు కర్ర, తాడుకు కట్టి ముందటి కాళ్ళ నడుమ వేలాడేస్తరు. ఉరికితే మోకాళ్ళకు తాకుతది, మెల్లగ నడిస్తే ఏంగాదు. కొట్టుడు లేదు, కారం లేదు. పొద్దంత నా ఎంట ఉండుడు, "నిలు" అంటె నిలుసుడు. వినకపోతే మల్ల "నిలు". వానల తడుసుకుంట ఇద్దరం, ఎనుక టక్కు టక్కు అని ఆ కర్ర చప్పుడు. నెలలు! నాకు విసుగు రాలేదా అంటె వచ్చింది. కాని మా బావ నవ్వు యాదికొచ్చేది, మల్ల "నిలు" అనేదాన్ని.

ఎప్పుడు మారిందో నాకే సమజ్ కాలే. ఒకనాడు చప్పుడు తక్కువైనట్టు అనిపిచ్చింది.

దసరా ఇంక రెండొద్దులున్నది. పొద్దుగాల నీళ్ళకు పోయొచ్చే వరకు మా బావ దొడ్డి కాడున్నడు. కంప పక్కకు గుంజిండు. నేను లేనిది చూసి మంద తోలుకపోయి, నా అజాగ్రత్తతోని పోయిందని చెప్పను వచ్చిండు. ఆ సందుల అడ్డంగ మోతి. మొరుగుత లేదు. "మోతీ, చ్చు చ్చు" అన్నడు ఎప్పటి తీరుగ. తోక ఒక్కపాలి ఊపింది, చిన్నప్పటి సోపతి కదా. కాని జరగలే. కట్టె లేపిండు. నేను మోతి మెడల కర్ర దిక్కు చూసిన. జర గూడ ఊగుత లేదు. బోర్ల పడ్డ కుండను చూసి బెదిరి మొరిగిన కుక్క బిడ్డా అది!

"పిలువవే దాన్ని" అన్నడు.

"పిలువ" అన్న. బిందె సంకలనే ఉన్నది, దించలే.

ఆఖరికి ఆయనే కట్టె దించిండు. "నేను తెచ్చిచ్చిన కుక్క" అన్నడు.

"నేను పెంచిన కుక్క" అన్న.

దసరానాడు కులపెద్ద అడిగితే మా బావనే నెత్తి గోక్కుంట చెప్పిండు, "మంద దానికే ఉండనియ్యి మామా. నన్నే లోపటికి రానిస్తలేదు" అని. అందరు నవ్విన్రు. నేను పోయి మోతి మెడల కర్ర ఇప్పిన.

అంతే. నాకు యేడు గడువిచ్చిన్రు, దానికి నేనిచ్చిన. నువ్వేమో ఎనిమిది నెలలకే ఎల్లగొడతానవ్! దసరా ఎన్ని నెలలున్నది? నాలుగా? అప్పటి దాక ఎవలకు ఇయ్యనని మాటియ్యి. నెత్తి ఊపుడు కాదు, నోటితోని చెప్పు. ఆ... గట్ల. చెప్పులు పైన పెట్టుకోండ్రి. అది తినేటప్పుడు గిన్నె కాడికి పోవద్దని మీ బాపుకు చెప్పు. రోజు ఒక్క తీరుగ చెప్పు దానికి, ఒకనాడు ముద్దు ఒకనాడు దెబ్బ వద్దు.

మోతినా? మీ అమ్మ పుట్టినంక గూడ ఉండె. ఉయ్యాల కింద పండేది, ముసల్దై... మీ అమ్మ దాని చెవులు గుంజుతే కండ్లు మూసుకునేది...

సల్లగ బతుకు బిడ్డా, నీ కుక్క గూడ సల్లగ బతకాలె. పో, దాన్ని తోలుకరా. నేనింక చూడనేలేదు.

కొరికితే కొరకనియ్యి, తే.