గోడకు మొల

ముత్తంగిలో కొత్తగా కొన్న ఇంటి గోడకు సిల్వియా మొల కొడుతోంది. ఇల్లమ్మిన పాత ఓనరు, ఇక్కడే మరిచిపోయిన తన తండ్రి ఫొటో కోసం వచ్చి, దాన్ని చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

“కొత్తిల్లు కట్టేదాంక పైపోర్షన్ మాకు కిరాయికిస్తవా అమ్మా?”

“గీ ఇంట్లనే మేం కిరాయికున్నప్పుడు ఏసుప్రభు పటానికి ఒక్క మొల కొట్టినందుకు ఎల్లగొట్టిన్రు. యాదికున్నదా సారూ?”

“పాత ముచ్చట్లెందుకమ్మా?”

“సూరత్ పోయినం, పుణె పోయినం, హోసూరు పోయినం. భయానికి ఏడేండ్లు ఆ పటాన్ని నేలమీదనే పెట్టుకున్నం. ఎన్నిండ్లు మారినా ఏదీ ఇల్లనిపియ్యలె.”

“తప్పైందమ్మా. ఇస్తవా మరి?”

“ఇస్త. రేపే రాండ్రి.”

అతని ముఖం వెలిగింది. సిల్వియా పటం తగిలించి, అతని చంకలోని ఫొటో వైపు చూసింది.

“మీ నాయినను మాత్రం నేలమీదనే పెట్టుకోవాలె. నా గోడకు మొల కొట్టనియ్య.”