పాప ప్రార్థన, నాన్న మోకాలు

ఆదివారం మధ్యాహ్నం. పరుగుకని వెళ్ళి కుంటుకుంటూ వచ్చిన భర్త, వాచిన మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. పిల్లతో చర్చి నుంచి వచ్చిన భార్య పడకగదిలోకి తొంగిచూసి వచ్చింది.

“పాప ఏది? నా దగ్గరికే రాలేదు.”

“మంచం కింద దూరింది. మీ కాలు చూసి ఏడుస్తోంది.”

“వాపేగా! దానికంత ఏడుపెందుకు?”

“పోయిన వారం ప్రార్థన చేసిందట. ‘నాన్న పరుగు ఆగిపోవాలి, నాతో చర్చికి రావాలి’ అని.”

“ఓరి దేవుడా!”

“ఆయన్ని మళ్ళీ పిలవకండి, జరిగింది చాలు.”

“గుంటలో కాలు పడి మోకాలు మెలితిరిగింది, అంతే. ప్రార్థనకీ దీనికీ సంబంధం లేదని చెప్పు.”

“అంటే దేవుడు దాని మాట వినలేదని చెప్పనా? రోజూ ప్రార్థనకి కూర్చోబెట్టేది నేనే కదా.”

“పోనీ, విన్నాడని చెప్పు.”

“విని నాన్న కాలు వాచేలా చేశాడనా?”

“పాస్టరు గారిని అడక్కపోయావా?”

“ఇప్పుడే ఫోన్ చేశా. అంతా విన్నారు. తర్వాత ‘కాలెలా ఉందమ్మా’ అన్నారు.”

“నిజం చెప్పు, నువ్వూ ప్రార్థనలో అదే అడిగావా?”

“మీరు రావాలని మూణ్ణెల్లుగా అడుగుతున్నా. కాలి ఊసు ఎత్తలేదండీ, ఒట్టు.”

“సరే, చెయ్యివ్వు, లేస్తా.”

“ఎక్కడికి?”

“మంచం దగ్గరికి. కిందికి దూరలేను, పక్కన కూర్చుంటా.”

“కూర్చుని ఏం చెప్తారు?”

“దాని మీద కోపం లేదని చెప్తా. మిగతాది నాకూ అర్థం కాలేదని చెప్తా.”

“పదండి, నేనూ వస్తా. నాకూ అర్థం కాలేదు.”