ఇల్లు మారే ప్రోగ్రాం

వంటింట్లో భోజనాల బల్ల. ల్యాప్‌టాప్ ముందు కోడలు, ఎదురు కుర్చీలో అత్తగారు. పక్కగదిలో పిల్ల నిద్రపోతోంది.

"అలా కాదత్తయ్యా. మీరేం మాట్లాడకూడదు. నేను చెప్తూ ఉంటాను, మీరు వింటూ ఉండాలి. అంతే."

"అర్థం కాకపోయినా?"

"కాకపోతేనే మంచిది."

"ఇదేం చదువే తల్లీ!"

"జావా నేర్పే మేడమ్ చెప్పిందండీ. ప్రోగ్రాంలో తప్పు దొరక్కపోతే ఏదైనా బొమ్మని ఎదురుగా పెట్టుకుని మొదట్నుంచీ వివరించాలట. చెప్తూ చెప్తూ ఉంటే తప్పెక్కడుందో మనకే తట్టేస్తుందట. సాఫ్ట్‌వేర్ వాళ్ళు చాలామంది అలాగే చేస్తారట."

"మరి బొమ్మనే పెట్టుకోకపోయావా? పిల్లదాని ఏనుగు ఉండాలిగా."

"దాని తల ఊడిపోయింది."

"ఎప్పుడు?"

"మొన్న మీ అబ్బాయి గోడకేసి కొట్టినప్పుడు."

"సరే, చెప్పు. నేనే బొమ్మని."

"సాయంత్రంలోపు ఇది కంపెనీకి పంపాలత్తయ్యా. సరిగ్గా నడిస్తే ఉద్యోగం, లేకపోతే లేదు. ఆ కంపెనీవాళ్ళు ఇంకో అవకాశం ఇవ్వరు."

"అయితే నా మొహం చూస్తూ కూర్చుంటావేం? కానీ."

"ముందు 'ఇల్లు' అని ఒక క్లాసు రాశాను. క్లాసంటే ఇంజనీరు గీసే ప్లానులాంటిది. ప్లానులో ఎవరూ కాపురం ఉండరు. అది పెట్టుకుని ఎన్నిళ్ళయినా కట్టుకోవచ్చు. కట్టిన ఒక్కో ఇల్లూ ఒక్కో ఆబ్జెక్టు."

"నువ్వెన్ని కట్టావు?"

"మాట్లాడకూడదన్నానా?"

"బొమ్మకి అనుమానం వచ్చింది."

"రెండు. పాతిల్లు, కొత్తిల్లు. పాతింట్లో నలుగురుంటారు."

"ఎవరెవరు?"

"ఎవరో ఒకరు లెండి. ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు, కోడలు, ఓ చిన్నపిల్ల."

"ఎక్కడో చూసినట్టే ఉన్నారు."

"ఉదాహరణకండీ. ఇంక 'మనిషి' అని ఇంకో క్లాసు. మనిషికి పేరుంటుంది, వయసుంటుంది, చెయ్యగలిగిన పనులుంటాయి. ఆ పనుల్ని మెథడ్లంటారు. నడవడం ఒకటి, మాట్లాడ్డం ఒకటి. మనం పిలిస్తేనే ఆ పని జరుగుతుంది. పిలవకపోతే ఊరికే పడుంటుంది."

"పెద్దావిడకి కూడా మాట్లాడ్డం ఇచ్చావా?"

"మనిషి క్లాసులో రాస్తే అందరికీ వస్తుందండీ. వాడుకుంటారా మానేస్తారా అన్నది వేరే సంగతి."

"అరవడం పెట్టావా?"

"పెట్టలేదు."

"ఏం?"

"పిలవకుండానే జరిగేదాన్ని ఎలా రాయాలో మేడమ్ ఇంకా చెప్పలేదు."

"ఇదంతా నీ బుర్రకి ఎలా ఎక్కిందే? పెళ్ళికి ముందు కంప్యూటర్ ముట్టుకున్నావా అసలు?"

"లేదు. మొదట్లో లైను చివర సెమికోలన్ పెట్టడం మర్చిపోయి, ప్రోగ్రాం నడవక, కూర్చుని ఏడ్చేదాన్ని."

"ఆ ఏడుపు దానికా! నేనింకేదో అనుకున్నాను."

"ఆ ఇంకేదానికో కూడా ఏడ్చాను లెండి."

"అదిగో, నా ఫోను. వాడే."

"అయ్యో! నేను ఎత్తలేదని మీకు చేసినట్టున్నారు. ఏం చెప్తారు?"

"నువ్వుండు... ఆఁ, చెప్పరా... నీ పెళ్ళాం పడుకుంది... తలనొప్పట... లేపనురా, ఇప్పుడే కన్నంటుకుంది... కంప్యూటరా? మూసే ఉంది... ఆఁ, పెట్టెయ్."

"అత్తయ్యా! మీరు అబద్ధం..."

"బొమ్మలు అబద్ధాలాడవు. తర్వాతేంటో చెప్పు."

"తర్వాత... తర్వాత 'మారడం' అనే మెథడ్. మనుషుల్ని పాతింట్లోంచి కొత్తింటికి మార్చాలి. కంపెనీవాళ్ళు రాయమన్నది అదే. ఇద్దర్ని మార్చాను. అక్కడే వచ్చింది చిక్కు. కొత్తింట్లో ఇద్దరని సరిగ్గానే చూపిస్తోంది. పాతింట్లో మాత్రం ఇంకా నలుగురే అంటోంది."

"ఎవరిద్దర్ని మార్చావు?"

"ఇప్పుడా సంగతెందుకు లెండి."

"కొడుకునీ పెద్దావిడనీనా?"

"కాదు."

"అయితే కోడల్నీ పిల్లనీ."

"ఉదాహరణకన్నాగా."

"నేనూ ఉదాహరణకే అడుగుతున్నా. ఆ కొత్తిల్లు ఎక్కడ?"

"ఆఫీసు వెనక వీధిలో. ఒక గది, చిన్న వంటిల్లు. కిటికీలోంచి చూస్తే పిల్లల బడి... అత్తయ్యా, నన్నిలా అడక్కండి. ఉద్యోగమొస్తేనే కదా ఇదంతా. రాకపోతే ఏ ఇల్లూ లేదు. నాకిక్కడ ఊపిరాడటం లేదు. ఆయన చెప్పుల చప్పుడు వింటే పిల్లది ఈ బల్లకింద దూరుతోంది."

"చూశాను."

"చూసి కూడా ఏమీ అనలేదు. మీరెప్పుడూ ఏమీ అనరు. ఆయన ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంటే మీరు కూరలు తరుక్కుంటూ కూర్చుంటారు. నాకెంత కోపమొస్తుందో తెలుసా మీమీద? ఆయనమీద కంటే ఎక్కువ."

"రావాలి."

"అంటే ఏంటండీ దానర్థం?"

"మీ మామయ్య అరిచినప్పుడూ తరుక్కుంటూనే కూర్చున్నాను. చిన్నప్పుడు వీడూ ఈ బల్లకిందే ఉండేవాడు. అలవాటైపోయింది."

"నాకు అలవాటు చేసుకోవాలని లేదు."

"వద్దు. ఎండ దిగిపోతోంది, ముందు నీ తప్పు వెతుక్కో. మార్చేటప్పుడు ఏం చేశావో మొదట్నుంచీ చెప్పు. ఈసారి నోరెత్తను."

"కోడలి పేరు తీసుకెళ్ళి కొత్తింట్లో చేర్చాను. పిల్ల పేరు తీసుకెళ్ళి కొత్తింట్లో చేర్చాను. చేర్చాక రెండిళ్ళలో ఎంతమందున్నారో చూపించమన్నాను. అంతేగా. చేర్చాను, చూపించమన్నాను. చేర్చాను గానీ... అయ్యో!"

"ఏమైంది?"

"చేర్చానే గానీ పాతింట్లోంచి తియ్యలేదండీ! అందుకే ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. నిన్నట్నుంచీ జుట్టు పీక్కుంటున్నాను దీనికోసం. ఉండండి, ఒక్క లైను రాస్తే చాలు."

"బొమ్మ పనికొచ్చిందన్నమాట."

"ఏనుగు కంటే నయం. మాటలెక్కువ, అంతే."

"సెమికోలన్ పెట్టావా?"

"పెట్టాను, పెట్టాను. నడుపుతున్నా... నడిచింది! నడిచిందత్తయ్యా! చూడండి, కొత్తింట్లో ఇద్దరు. పాతింట్లో ఇద్దరు. ఇంక పంపేస్తాను."

"ఆగు, పంపకు. ఇంకా తప్పుంది."

"ఎక్కడండీ? నలుగురూ సరిపోయారుగా."

"పాతింట్లో ఒక్కడే ఉండాలి."