కంప్యూటరు తుమ్మిన రోజు

పొదిలి బస్టాండు ఎదురుగా జోహరాబీ టీ కొట్టు. షారోన్ ఒంగోలు బస్సు కోసం బల్ల మీద కూర్చుంది. ఒళ్లో కంప్యూటరు డబ్బా. స్విచ్చి నొక్కితే మూడుసార్లు కూస్తుంది, తెర మాత్రం వెలగదు. వారంటీ ఇవాళ్టితో ఆఖరు. సాయంత్రంలోగా ఒంగోలు సర్వీసు సెంటరులో ఇస్తే ఊరికే బాగుచేస్తారు. లేదంటే ఆవిడ కొత్తగా పెట్టుకున్న ఆన్‌లైన్ సెంటరు మూసుకోవాల్సిందే.

“దుమ్ము పడకూడదని రోజూ పట్టా కూడా కప్పాను,” అంది దిగులుగా.

“ఏ పట్టా అక్కా?” అన్నాడు తోమా. రిపేరు షాపు పెట్టి ఏడాది కూడా కాని కుర్రాడు.

“మిరపకాయలు ఆరబోసేది.”

మిరప రైతు వెంకటనారాయణకి నవ్వొచ్చి టీ పొలమారింది. తోమా నవ్వలేదు. బల్ల మీదకి జరిగి కూర్చున్నాడు.

“ఈమాత్రానికి ఒంగోలు ఎందుకక్కా, నాకివ్వు. నా గురించి నేను ఎప్పుడూ సగమే చెప్పుకుంటాను, మిగతా సగం జనం నమ్మరని. పోయిన వేసవిలో గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ కంప్యూటరుకి ఇదే జబ్బు. లోపలంతా మిరప ధూళి. కంపెనీ ఇంజనీర్లు నలుగురు వచ్చి, గుమ్మంలోనే తుమ్మీ తుమ్మీ వెనక్కి పోయారు. పైగా డబ్బా వెనక వారంటీ సీలు. అది చిరిగిందా, కంపెనీవాడు మన మొహం చూడడు. అప్పుడు నేనేం చేశానో చెప్పుకోండి?”

“ప్రార్థన చేశావా?” అంది జోహరాబీ.

“చెవి పెట్టానత్తా! వెంకటనారాయణ బాబాయ్ ఎండుకాయని చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడుని బట్టి ఆరిందో లేదో చెప్తాడు కదా, అట్లా డబ్బాని ఆడించాను. కుడివైపు మెమరీ ముక్క కింద ధూళి చేరిందని తేలిపోయింది.”

“ఆ మాత్రం తెలుస్తుందిలే,” అన్నాడు వెంకటనారాయణ, తన విద్య మాట వచ్చేసరికి కాస్త మెత్తబడి.

“అక్కడితో ఆగితే నేను తోమానెందుకవుతాను? డబ్బా ఎందుకు కూస్తుంది? ముక్కు దిబ్బడేసి. ముక్కు దిబ్బడేస్తే ఏం చెయ్యాలి? తుమ్మాలి. గుప్పెడు తేజ రకం కారం తీసుకుని ఫ్యాను దగ్గర ఉఫ్‌మని ఊదాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత డబ్బా మెల్లగా వెనక్కి వంగింది...”

“డబ్బా వంగిందా?”

“తుమ్మేముందు మనం వంగమా అత్తా? వంగి, హాచ్‌మని తుమ్మింది చూడూ, ధూళి బయటికి, తెరకి వెలుగు! ఆ ఊపుకి గోడౌను తలుపులు ఊడి, బస్తాల్లో కాయలన్నీ గాల్లోనే పొడైపోయి ఎర్ర మేఘంలా లేచాయి. గాలి వేగం గంటకి ఎనభై కిలోమీటర్లు, మంగళగిరి ఇరవై. లెక్క కట్టుకోండి, పావుగంట. అక్కడ మగ్గాల మీద తెల్లచీరలన్నీ ఎర్రచీరలైపోయాయి. నేతగాళ్లు లబోదిబోమనేలోపే బేరగాళ్లొచ్చి, కొత్త రంగని ఎగబడి కొనుక్కుపోయారు.”

“మరి కట్టుకున్నవాళ్ల గతేంటిరా?” అంది జోహరాబీ.

“ఆ చీర కట్టుకున్న కోడలితో ఏ అత్తగారూ మాట పెంచట్లేదంట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి తిరిగింది. కొత్తపట్నం నూట ఇరవై, అంటే గంటన్నర. సముద్రం మీద కారం వాన! నీళ్లలో ఉప్పు ఎటూ ఉంది. వలలో పడ్డ చేప పడ్డట్టే ఉప్పూ కారం పట్టి వచ్చింది. ఒడ్డునే పెనం పెట్టి వేయించుకోవడమే.”

“నూనె కూడా చేపే తెచ్చుకుందంట్రా?” అన్నాడు వెంకటనారాయణ.

“నూనె ఆ కంప్యూటరు కంపెనీవాళ్లు పంపారు బాబాయ్, సంతోషం పట్టలేక.”

షారోన్ తన డబ్బా వెనక సీలు తడిమి చూసుకుంది. “ఇంత జరిగినా ఆ సీలు చిరగలేదా తమ్ముడూ?”

“సీలా? కంపెనీ పెద్దలు భూతద్దం పెట్టి మరీ చూశారక్కా. గీత లేదు! ఆ మురిపెంతో వారంటీని ముని మనవల కాలం దాకా పొడిగించి వెళ్లారు.”

మలుపులో ఒంగోలు బస్సు హారను మోగింది.

“పోనీ ఆ బస్సుని. రెండు నిమిషాల్లో అయిపోద్ది. డబ్బా ఇటు తిప్పు,” అంటూ తోమా చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు.

షారోన్ సీలు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

“తుమ్మించేవాడివి, అదెందుకు?”

తోమా స్క్రూడ్రైవరు వంక చూశాడు. గబుక్కున టీ గ్లాసులో పెట్టి తిప్పాడు. “పంచదార అడుగునే ఉండిపోయిందక్కా.”

“నీ టీలో నేను పంచదార వెయ్యనే లేదే!” అంది జోహరాబీ.

బల్ల అదిరేలా నవ్వాడు వెంకటనారాయణ. చివరికి తోమాకీ నవ్వాగలేదు. బస్సు వచ్చి ఆగింది. షారోన్ లేచి, డబ్బాని అతని చేతుల్లో పెట్టింది.

“రా, సీటు దాకా మొయ్యి. మోస్తే వారంటీ పోదులే.”