గురువారం జాడీ

పారిస్‌లో సన్యాసినుల మఠం. చలికాలపు గురువారం మధ్యాహ్నం. కటకటాల కిటికీకి అటువైపు సిస్టర్ అగాత్. ఇటువైపు, పక్కింటి మదామ్ ద లూర్సెల్ దగ్గర ముప్పై ఏళ్ళుగా వంటా వార్పూ, రాతా కోతా చూసే క్లోదీన్, చంకలో జాడీతో.

“మళ్ళీ చెర్రీ పాకమేనా?”

“మళ్ళీ చెర్రీయే, సిస్టర్. మీ రోగులకి పెట్టండి. నాకు మింగుడు పడదు.”

“నీకు చెర్రీ అంటే ప్రాణం కదమ్మా!”

“ప్రాణమే. చచ్చిపోయినాయనకి పంపిన జాడీ నేనెలా తింటాను?”

“అంటే ఇంకా చెప్పలేదా మీ అమ్మగారికి? ఆవిడ పాత స్నేహితుడు కౌంట్ గారు పోయి నెలైంది, క్లోదీన్!”

“ఎలా చెప్పను? ఆ ఇంట్లో చావు మాట ఎత్తకూడదు. పదహారేళ్ళ కిందట అమ్మగారి బాబాయి పోతే, ‘ఆయన ఇక నశ్యం పీల్చరటండీ’ అన్నాను. ఆవిడ ‘అలాగా’ అన్నారు. వారం రోజులు మంచం దిగలేదు.”

“కౌంట్ గారి సంగతీ అలాగే చెప్పు.”

“ఆయనకి నశ్యం అలవాటు లేదండీ.”

“నీ తలకాయ! మరి గురువారం గురువారం ఆయన పంపే సూక్తి కాగితం?”

“నేనే రాస్తున్నా.”

“దేవుడా! చేతిరాత పోల్చుకోరూ?”

“ఐదేళ్ళ నుంచీ ఆయన వేళ్ళకి వాతం. ఆయన చెప్పేవారు, నేను రాసి తెచ్చేదాన్ని. అమ్మగారు దిద్ది, బదులుగా మళ్ళీ గురువారానికి ఓ జాడీ పాకం ఇచ్చేవారు. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. అంతే తేడా.”

“అబద్ధం పాపం, క్లోదీన్.”

“దయతో ఆడినా?”

“దయతో అయితే... కొంచెం ఆలోచించాలి.”

“ఆలోచించకండి. కౌంట్ గారైతే దయే అబద్ధమనేవారు. మంచి గుణాలన్నీ స్వార్థం చర్చికి వేసుకెళ్ళే బట్టలేనని ఆయన సిద్ధాంతం. ‘ఓర్పంటే లేవడానికి ఓపిక లేని కోపం’ అన్నారు, ఆఖరిసారి. ఆ ధోరణి పట్టుకుని లాక్కొస్తున్నా. అలిసిపోయాను, సిస్టర్. పైగా అమ్మగారికి మతిమరుపు మొదలైంది.”

“ఏం చేస్తున్నారు?”

“ముప్పై ఏళ్ళుగా ఆయనకి పంపింది ఆప్రికాట్ పాకం. మూడు వారాలుగా చెర్రీ ఇస్తున్నారు. నేను నోరెత్తడం లేదు. ఎత్తితే ఆయన మాట వస్తుందని.”

“ఇవాళ చెప్పెయ్యి, తల్లీ.”

“చెప్పక తప్పదు. రేపు ఆయన మేనల్లుడు వస్తున్నాడు, అమ్మగారి పాత ఉత్తరాలు తిరిగివ్వడానికి. నిలువెల్లా నల్లబట్టల్లో వస్తాడు. ఆవిడ గుమ్మంలో అది చూసి కూలబడితే?”

“వెళ్ళు. జాడీ ఇటివ్వు.”

పదిహేడు మెట్లెక్కితే మదామ్ గది. కిటికీలకు పగలు కూడా తెరలే.

“తలుపు! తలుపు వెయ్యవే, గాలి!”

“వేశానమ్మగారూ.”

“కాగితానికి వెనిగర్ పొగ పట్టావా? ఊళ్ళో జ్వరాలు.”

“రెండుసార్లు పట్టాను.”

“అందుకే సిరా కారింది. నువ్వే చదువు.”

“‘స్నేహితురాలి దగ్గు విని లేచి కిటికీ మూసినవాడు, తన చలి కోసమే మూసి ఉండవచ్చు. అయినా కిటికీ మూతపడింది.’”

“మళ్ళీ చదువు.”

“...‘అయినా కిటికీ మూతపడింది.’”

“మెత్తబడ్డాడే మనిషి.”

“వయసండీ.”

“లోకంలో ఒక్క మంచితనమైనా లాభం చూసుకోకుండా ఉంటుందని ముప్పై ఏళ్ళు వాదించాను. గింజంత ఒప్పుకోలేదు. ఇప్పుడేమో కిటికీలు మూస్తున్నాడు! ఎలా ఉన్నాడు?”

“ఎవరండీ?”

“పోప్ గారు. ఎవరేమిటే, కౌంటు!”

“ఆయన... పెద్దగా కదలడం లేదండీ.”

“వాతమా?”

“వాతం తగ్గిందండీ.”

“పూర్తిగానా?”

“పూర్తిగా.”

“భోజనం?”

“ఏమీ... ఏమీ అడగడం లేదు.”

“అలాగా.”

“అమ్మగారూ, రేపు వాళ్ళ మేనల్లుడు వస్తాడట. ఆ అబ్బాయికి నలుపంటే మోజు. చొక్కా నలుపే, టోపీ నలుపే. మీరేమీ అనుకోకండి. అది ఉత్త...”

“క్లోదీన్.”

“అండీ.”

“కూర్చో. నెల రోజులుగా ఆయన్ని ఒక్కదానివే మోస్తున్నావు. కాళ్ళు పీకడం లేదూ?”

“...ఎప్పుడు తెలిసిందమ్మగారూ?”

“నువ్వు రాసిన మొదటి కాగితం అడుగున ‘మీ దగ్గెలా ఉంది?’ అని ఉంది. ఆ మహానుభావుడు ముప్పై ఏళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.”

“తెలిసీ నాతో అనలేదేం?”

“అంటే నువ్వు రాయడం మానేస్తావు. గురువారాలు కూడా మిగతా రోజుల్లా అయిపోతాయి. నా స్వార్థం నాది. నువ్వెందుకు దాచావు?”

“నిజం చెప్పనా?”

“ఇవాళ్టికి చెప్పు.”

“మీకేమైనా అయితే, యాభై ఆరేళ్ళ ముసల్దాన్ని నన్నెవరు పనిలో పెట్టుకుంటారని.”

“చూశావా? ఇద్దరిదీ స్వార్థమే. పోయి కూడా గెలిచాడు.”

“గెలిచారండీ.”

“నవ్వొస్తోందే. ఏడుపు కూడా వస్తోంది. రుమాలివ్వు.”

“ఇదుగోండి. అమ్మగారూ, ఒక్క మాట. ఆయన లేరని తెలిసీ, వారం వారం ఆ జాడీలెందుకు ఇచ్చారు నాకు? అదీ ఆప్రికాట్ కాదు. మీ మతి తప్పుతోందని ఎంత బెంగపడ్డానో!”

“ఆయన చెర్రీ ముట్టేవాడా? ముడితే ఒళ్ళంతా దద్దుర్లు. నీకే కదే, చెర్రీ అంటే ప్రాణం? మూడు జాడీలిచ్చాను. తిన్నావా, లేదా?”