లేవండి గారు కూర్చోవలసిన సాయంత్రం

1996 జూలై ఒకటవ తేదీన మా నీటి సరఫరా కార్యాలయంలో లేవండి గారు సహాయకులుగా చేరారు. ఆనాడు వారికి దక్కినవి ఒక మూల బల్ల, దాని మీద మీటలు బిగుసుకుపోయిన టైపు యంత్రం, ఆ యంత్రం ఏ విభాగానిదన్న తగాదా మాత్రమే. తగాదాను పెద్దలకు వదిలేసి యంత్రాన్ని విప్పి, తుడిచి, నూనె వేసి, సాయంత్రానికల్లా పలికించిన వారే కాలక్రమంలో మా సిస్టమ్స్ పర్యవేక్షకులై, ఈ మాసాంతాన పదవీ విరమణ చేయనున్నారు. అభినందించడానికి కలం పట్టుకుంటే ఆనందం కంటే ముందు దిగులు వచ్చి కూర్చుంటోంది.

కంప్యూటర్లు వచ్చాయి. కొంతకాలానికి అవీ ముసలివయ్యాయి. కొత్త సాఫ్ట్‌వేర్ బరువు మోయలేక ఆయాసపడుతున్న వాటిని తుక్కు కింద రాసేయమన్నారు పైవాళ్లు. రాసేయలేదు వారు, పాత యంత్రాల మీదా తేలిగ్గా నడిచే లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఇతర కార్యాలయాలు కొత్త యంత్రాల కోసం లైనులో నిలబడితే, మేము పాత యంత్రాలతోనే లైనక్స్‌లో నిలబడ్డాం. తొలినాళ్లలో మాకది అయోమయం. "ప్రింటరుకు డ్రైవర్ దొరకడం లేదండీ" అని, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ గురించి వారు విచారంగా అంటే, మా జీపు డ్రైవర్ గారు "నేనిక్కడే ఉన్నానుగా సార్" అని తాళాలు పట్టుకుని లేచి నిలబడ్డారు.

వారి వైద్యం తీరు వేరు. తెర నల్లబడితే ముందు తీగలు చూసేవారు. తీగలు బాగుంటే పెట్టె విప్పి, మెమరీ పలక అంచులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ బిగించేవారు. చొక్కా జేబులో ఆ రబ్బరు లేకుండా వారిని చూసినవారు లేరు. అప్పటికీ లేవకపోతే పెన్‌డ్రైవ్‌లోని లైనక్స్‌తో లేపి, "దీంతో లేచిందంటే ఒళ్లు బాగానే ఉంది, జబ్బు డిస్కులో ఉంది" అని తేల్చేవారు. డిస్కు అనుమానంగా ఉంటే మరమ్మతుకు ముందు నకలు తీయనిదే చేయి పెట్టేవారు కారు. ప్రింటరు కొంటామని ఎవరైనా వెళితే, "కొనేముందు లైనక్స్ దాన్ని గుర్తుపడుతుందో లేదో కనుక్కోండి. కొన్నాక నన్ను గుర్తు చేసుకోకండి" అనేవారు.

అయితే ఈ వైద్యం మొత్తం ఒక్క మాటతో మొదలయ్యేది: "కాస్త లేవండి." మనం లేచేవాళ్లం. వారు మన కుర్చీలో కూర్చుని వేళ్లు టకటకలాడించేవారు. మనం టీ తాగి వచ్చేసరికి యంత్రం లేచి ఉండేది. ఏం చేశారో మనం అడగలేదు, వారు చెప్పలేదు. అలా వారికి 'లేవండి గారు' అన్న పేరు స్థిరపడింది. వారు సెలవు పెట్టిన రోజున ఫోను వస్తే, "లేవండి గారు లేరండి" అని చెప్పి మేము నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుకు ఎవరు మూల్యం చెల్లించారో మాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం వారి అమ్మాయి కళాశాలలో వీడ్కోలు సభ. విద్యార్థుల తరఫున మాట్లాడే గౌరవం అమ్మాయికి దక్కింది. భార్యాభర్తలిద్దరూ ముందు వరుసలో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఇక్కడ కార్యాలయంలో కరెంటు పోయి వచ్చింది. సర్వరు నల్ల తెర మీద పేరు, పాస్‌వర్డ్ అడిగి ఆగిపోయింది. బిల్లులు కట్టడానికి అదే ఆఖరి తేదీ. జనం కిటికీ దాకా నిండిపోయారు. కౌంటరులో కూర్చుంటూ, ఎదురొచ్చిన వారికల్లా కౌంటర్లు వేస్తారు గనుక కౌంటరమ్మ అని మేము పిలుచుకునే గుమాస్తా గారు ఫోను చేశారు. లేవండి గారు కండువా కుర్చీలో వేసి, సభలోంచి లేచి వసారాలోకి వెళ్లారు.

"సార్, మీరు చెప్పిన పాస్‌వర్డ్ కొడుతున్నాను. ఒక్క అక్షరం పడితే ఒట్టు."

"కీబోర్డు తీసి మళ్లీ పెట్టండి."

"తీశాను, పెట్టాను. బతిమాలాను కూడా."

"పక్క సీటు కీబోర్డు తెచ్చి చూడండి. వెనక వేరే రంధ్రంలో గుచ్చండి."

"ముందూ వెనకా అన్నీ మార్చాను సార్. ఇక మార్చాల్సింది నన్నే."

లోపల అమ్మాయి పేరు పిలిచారు. వారికి వినబడింది. ఇంకొక్క నిమిషంలో తేలిపోతుందనుకున్నారు. మూడో కీబోర్డు తెప్పించారు. అప్పుడు కౌంటరమ్మ గారు విసుగ్గా అడిగారు: "మీరైతే ఏం చేస్తారు సార్? నేనెప్పుడూ చూడలేదు, నన్ను లేపేస్తారుగా."

"ఏముందమ్మా, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కుతాను."

"తెర మీద ఏమీ పడకుండానే?"

వారు కీబోర్డుల సంగతి వదిలేశారు. "పైన పేరు పడిందా?"

"శుభ్రంగా పడింది. పాస్‌వర్డే పడటం లేదని మొదటే మొత్తుకున్నాను కదా."

కీబోర్డుకు జబ్బే లేదు. ఆ నల్ల తెర మీద పాస్‌వర్డ్ కొడితే అక్షరం కాదు, చుక్క కూడా కనబడదు. అది దాని స్వభావం. ఏళ్ల తరబడి చూడకుండా కొట్టడం అలవాటైన వారికి, అది కనబడదన్న సంగతే కనబడలేదు. "చూడకుండా కొట్టేసి ఎంటర్ నొక్కండమ్మా" అన్నారు నీరుగారిపోయి.

"లేచింది సార్" అన్నారు కౌంటరమ్మ గారు. అదే క్షణాన సభలో చప్పట్లు మోగాయి. అవి సర్వరుకు కావని వారికి తెలుసు.

బయటికి వచ్చిన అమ్మాయి నిష్ఠూరమాడలేదు. "మీ సర్వర్ లేచిందా నాన్నా?" అని మాత్రం అడిగింది. "లేచిందమ్మా" అన్నారు వారు. బస్సులో పక్కన కూర్చున్న ఇల్లాలు మెల్లగా చెప్పారు: "అది ఏమందో తెలుసా? 'ఎవరు పిలిచినా మా నాన్న లేచి వెళ్లిపోతారు. ఈ ఒక్క సాయంత్రం నా కోసం కూర్చున్నారు' అంది. అందరూ మన వైపు తిరిగారు. నా పక్కన మీ కండువా ఉంది."

లోకంలోని డిస్కులన్నింటికీ నకలు తీసిన మనిషికి, ఆ సాయంత్రానికి నకలు లేదు.

మర్నాటి నుంచి వారు "లేవండి" అనడం మానేశారు. "కూర్చోండి, మీరే కొట్టండి" అని వెనక నిలబడి చేతులు కట్టుకునేవారు. మనం తప్పు మీట నొక్కితే వేళ్లు తహతహలాడేవి గాని ముందుకు వచ్చేవి కావు. కొందరం నేర్చుకున్నాం. చాలామందిమి, అడిగితే నీళ్లు నమిలాం. నీటి కార్యాలయం కదా, కొదవలేదు. నిలబడి నేర్పే మనిషి దొరికిన ఆ కాలాన్ని కూడా టీ తాగుతూ గడిపేశామన్న బాధ ఈ వీడ్కోలు వేళ మాకు మిగిలింది.

గత మాసం వారు అమ్మాయి ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు మళ్లీ ఫోను మోగింది. అలవాటుగా సగం లేచారు. "పనేం లేదు సార్. సర్వరు రాసుకునే పాత లాగ్‌లు పెరిగిపోయి డిస్కు నిండింది, ఖాళీ చేశాను, అన్నీ లేచాయి. చెబుదామని చేశానంతే. మీరు కూర్చోండి" అన్నారు కౌంటరమ్మ గారు. వారు కూర్చున్నారు. అమ్మాయి మరో గరిటె వడ్డించింది.

ముప్పై ఒకటవ తేదీ సాయంత్రం మా సమావేశ మందిరంలో జరిగే సభలో కుటుంబం తరఫున మాట్లాడేది ఆ అమ్మాయే. ఆనాటి మాటలు మళ్లీ రావు. కొత్తవి వినే అదృష్టమైనా వారికి పూర్తిగా దక్కాలి. కనుక సహోద్యోగులందరికీ మనవి: మైకు మూగబోయినా, తెర నల్లబడినా ఎవరూ ముందు వరుస వైపు తిరగవద్దు. కౌంటరమ్మ గారు చూసుకుంటారు. ఆ పెన్సిల్ రబ్బరు ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంది.

ఆర్యా, మా కుర్చీలన్నింటిలో మా కోసం కూర్చున్న మీరు ఇక మీ కుర్చీలో, మీ వాళ్ల పక్కన, నిండు ఆరోగ్యంతో, నూరేళ్లు నిశ్చింతగా కూర్చోవాలని మనసారా కోరుకుంటున్నాం. ఫోను మోగనివ్వండి. మేము లేస్తాం.