మావయ్య పరీక్షించిన అయిదు యాప్‌లు

ఆదివారం మధ్యాహ్నం, భోజనాల బల్ల దగ్గర మామగారూ కోడలూ. ఆయన లిఫ్టులు బాగుచేసే పనిలో రిటైరయ్యారు. ఆమె నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతుంది.

“అయితే మొదటి యాప్ తీసెయ్యమంటారా, మావయ్యా?”

“తీసెయ్యమనడం కాదమ్మా, నేనే తీసేశాను. దాన్ని చూశాక నాకు లేని దిగులు పట్టుకుంది.”

“అదేమిటి, అందరూ అదే బావుందంటున్నారు. పది లక్షలమంది డౌన్‌లోడ్ చేసుకున్నారట.”

“పది లక్షలమంది ఎక్కితే లిఫ్టు మంచిదైపోతుందా? తాడు ఎప్పుడు మార్చారో చూడాలి గాని.”

“సరే, దీని తాడుకేమైంది?”

“తెరవగానే నా మనసులో ఏముందో చెప్పమంది. సరే పాపం, అడుగుతోంది కదా అని కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. ముందు నీ ఫోన్లో నంబర్లన్నీ చూస్తానంది. తర్వాత ఫొటోలు చూస్తానంది. ఆ తర్వాత నేనెక్కడున్నానో ఎప్పుడూ తనకి తెలుస్తూ ఉండాలంది. ఇంక మనసు ఊసే లేదు.”

“మీరు ఒప్పుకోలేదు కదా?”

“మీ అత్తగారి పుట్టింటివాళ్ళు కూడా పెళ్ళికి ముందు నన్ను ఇన్ని అడగలేదు.”

“రాసుకుంటున్నాను. ఒకటోది, అక్కర్లేని వివరాలు అడుగుతోంది. శుక్రవారంలోగా ఏదో ఒకటి తేల్చమన్నాడు మా మేనేజరు. ఉద్యోగులందరికీ మనశ్శాంతి కోసమట. నూట ఇరవైమందికీ అదే ఇస్తారు.”

“అంతమందిలో నిన్నే ఎందుకు పట్టుకున్నాడాయన?”

“నేనెప్పుడూ నవ్వుతూ ఉంటానట. ఈ విషయం నాకంటే ఎవరికి బాగా తెలుస్తుంది అన్నాడు.”

“అలా అన్నాడా.”

“అన్నాడు. రెండోది చెప్పండి.”

“రెండోది ఊపిరి పీల్చమనే ఆవిడ. గొంతు బావుంటుంది, చెవిలో రహస్యం చెప్తున్నట్టు. పీల్చండి అంది. పీల్చాను. వదలండి అనాలి కదా, అనదే. నెట్ ఆగిపోయినట్టుంది. ఆవిడ చెప్పకుండా వదిలితే పరీక్ష పాడవుతుందని అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఇంతలో మీ ఆయన వచ్చాడు. నాన్నా, మొహం ఎందుకలా ఎర్రబడింది అన్నాడు. నోరు తెరిస్తే గాలి పోతుందని చేత్తో సైగ చేశాను. వాడు దాన్నెలా అర్థం చేసుకున్నాడో గాని, లేపి నిలబెట్టి వీపు మీద నాలుగు చరిచాడు.”

“ఆయన నాకు చెప్పనే లేదు.”

“వాడేది చెప్పాడు గనక. వీపు మాత్రం నాలుగు రోజులు చెప్పింది.”

“నవ్వించకండి మావయ్యా. నెట్ లేకపోతే పనికిరాదు అని రాస్తున్నాను.”

“నవ్వావా?”

“నవ్వాను కదా.”

“ఓహో. వినపడకపోతేను.”

“మూడోది?”

“దాంట్లో అన్నీ మొహాలే. ఏడుపు మొహం, కోపం మొహం, పళ్ళికిలించే మొహం. పొద్దున్నే మీ మొహం ఏదో నొక్కండి అంటుంది. అన్నిట్లోకీ ఆ ఏడుపు మొహమే ముద్దుగా ఉంది, అచ్చం మా పెద్దన్నయ్య. రోజూ వాణ్ణే నొక్కేవాణ్ణి.”

“మీకు ఎలా ఉందో అది కదా నొక్కాలి.”

“చెప్తే విను. ఎవరు తయారుచేశారో చూద్దామని అడుగు దాకా వెతికాను. ఒక డాక్టరు పేరు లేదు, ఒక ఆసుపత్రి పేరు లేదు. నిపుణుల బృందం అనుంది. ఏ నిపుణులమ్మా? మా వర్క్‌షాపులో టీ కాచేవాడి దాకా అందరం నిపుణులమే.”

“ఇది బాగా చూశారు. రాసుకుంటాను.”

“నాలుగోది మాట్లాడే యాప్. మనం ఏదైనా రాస్తే జవాబు రాస్తుంది. మోకాలు నొప్పి అని రాశాను. మీ బాధ నాకు అర్థమైంది అంది. మూడో అంతస్తులో లిఫ్టు తలుపు పడటం లేదని రాశాను. మీ బాధ నాకు అర్థమైంది అంది. కావాలనే, నువ్వొక మొద్దువి అన్నాను.”

“అదీ అర్థమైందా?”

“అలా అనిపించడం సహజం అంది. పాపం, మీ మేనేజరుకి చుట్టమేమో. ఇవన్నీ సరే, చివర్లో అసలు పరీక్ష పెట్టాను. బతకాలని లేదు అని రాశాను.”

“మావయ్యా, అదేం మాట. అలా ఎందుకు రాశారు?”

“పరీక్ష కదమ్మా. లిఫ్టు పైకీ కిందికీ తిరిగితే చాలదు. తాడు తెగినప్పుడు బ్రేకు పట్టుకుంటుందా లేదా, అది చూడాలి. ఇదేమందో తెలుసా? ఒక పాట వినమంది.”

“ఎవరికైనా ఫోన్ చెయ్యమనలేదా? నంబరేదీ ఇవ్వలేదా?”

“లేదు. వేణువు పెట్టింది.”

“కొట్టేశాను దాన్ని. రెండు గీతలు పెట్టి కొట్టేశాను.”

“అదే మాట అయిదోదాంట్లోనూ రాశాను. అది వెంటనే ఫోన్ నంబరు చూపించింది. పక్కన ఎవరైనా ఉంటే ఇప్పుడే పిలవండి, ఒక్కరే ఉండకండి అంది. చేసిన డాక్టర్ల పేర్లున్నాయి, ఎక్కడ పనిచేస్తారో ఉంది. మనం రాసింది తుడిచెయ్యమంటే తుడిచేస్తుంది, ఆ మాట అప్పుడే తుడిపించి చూశాను. పైగా మొదటి పేజీలోనే ఒప్పేసుకుంది, నేను డాక్టర్ని కాను, రెండు వారాలకీ తగ్గకపోతే మనిషి దగ్గరికి వెళ్ళండి అని. తనకేది చేతకాదో ముందే చెప్పేదాన్ని నమ్మొచ్చు. నీ శుక్రవారానికి అదే రాసిచ్చెయ్యి.”

“రాసిస్తాను. కానీ నేనడగాలనుకున్నది ఆ అయిదోదాని గురించే. ఇందాకటి నుంచీ మిగతావన్నీ అడిగింది, ఎలా మొదలుపెట్టాలో తెలీక.”

“మొదలుపెట్టు.”

“పరీక్షించమని మీకిచ్చిన నా పాత ఫోనుంది చూడండి. నిన్న మీరు స్నానానికి వెళ్ళినప్పుడు తెరిచాను. తెరవకూడదు, తెలుసు. మీరు రాసుకున్నదంతా చదివాను.”

“దానికి తాళం వేసుకోవచ్చని కూడా రాసుకో, నీ కాగితంలో.”

“మాట దాటెయ్యకండి. పద్నాలుగు రోజులు రాశారు మీరు. మెలకువ మూడింటికే, మళ్ళీ నిద్ర లేదు అని రాశారు. పళ్ళెంలో సగం అలాగే అని రాశారు. కాలికి కుర్చీ తగిలితే కుర్చీకి సారీ అని రాశారు. నవ్వు మొహం మీదికి వస్తోంది, గొంతులోకి రావడం లేదు అని రాశారు. కింద ఆ యాప్ ఎర్రటి అక్షరాల్లో రాసింది, ఆలస్యం చెయ్యకుండా ఎవరినైనా కలవండి అని.”

“అవును, నేనూ చూశాను. అందుకే మంచి యాప్ అన్నాను.”

“ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలీలేదు మావయ్యా. సిగ్గేసింది.”

“నాకేం లేదమ్మా.”

“అందరూ అలాగే అంటారు.”

“ఇందాక నీ ఎదుటే కదా రెండోసారి వడ్డించుకుని తిన్నాను?”

“మా కోసం తిన్నారు. అలా కూడా చేస్తారట, చదివాను.”

“నా గురకకి పై అంతస్తువాళ్ళు వచ్చి మొరపెట్టుకున్నారు కదా?”

“గురక వేరు, నిద్ర వేరు.”

“ఇదెక్కడి గొడవమ్మా. తిన్నా తప్పే, పడుకున్నా తప్పే.”

“మీరెన్ని చెప్పినా వినను. మిమ్మల్ని తీసుకెళ్ళి చూపిస్తాను. కాదనకండి.”

“నేనెక్కడ కాదన్నాను? అపాయింట్‌మెంటు కూడా తీసుకున్నాను.”

“మీరే?”

“రేపు పదకొండింటికి. కళ్ళజోళ్ళ షాపు మీద, మొదటి అంతస్తు. సైకాలజిస్టు. నెమ్మదైన మనిషి, తొందరపెట్టదు. మెట్లెక్కే పోవాలి, అక్కడి లిఫ్టుని నేను నమ్మను.”

“నాకెంత బరువు దిగిందో మీకు తెలీదు. రాత్రంతా మిమ్మల్ని ఎలా ఒప్పించాలా అనే ఆలోచన. రేపు సెలవు పెడతాను. నేనూ వస్తాను.”

“నువ్వు రాకపోతే ఎలాగ? పేరు నీదే ఇచ్చాను.”

“నా పేరా? మీ పేరు చెప్పడానికి మొహమాటపడ్డారా? పర్లేదులెండి, లోపలికి వెళ్ళాక చెప్పుకోవచ్చు.”

“మొహమాటం కాదు. ఆ పద్నాలుగు రోజులూ రాసింది నేను. రాసింది నా గురించి కాదు.”

“మరి ఎవరి గురించి?”

“నలభై ఏళ్ళు లిఫ్టుల్లో పనిచేశానమ్మా. మధ్యలో రెండు గంటలు ఇరుక్కుపోయిన పెళ్ళివారికి కూడా నేను సారీ చెప్పలేదు. కుర్చీకి చెప్తానా?”

“...టీ పెడతాను.”

“కూర్చో.”

“పాలు బయటే ఉండిపోయినట్టున్నాయి.”

“ఉండనీ. కూర్చోమ్మా.”

“నాకేం లేదు మావయ్యా. పని ఎక్కువైంది, అంతే. ఎవరికి లేదు?”

“అందరూ అలాగే అంటారట. ఎవరో ఇప్పుడే చెప్పారు.”

“ఆడుకోకండి నాతో.”

“ఆడుకోవడం లేదు. ఎప్పటినుంచి?”

“...మూడు నెలలు.”

“ఊఁ.”

“ఒకావిడ రోజూ ఫోన్ చేసేది. వాళ్ళింటి దగ్గర పైపు పగిలి నీళ్ళన్నీ మెట్లమీదికి వస్తున్నాయని. ఏమిటో, ఆవిడ ఫోన్ ఎప్పుడూ నాకే వచ్చేది. ఇరవై నాలుగు గంటల్లో మనిషి వస్తాడండీ అనేదాన్ని. మా తెరమీద అదే రాసుంటుంది, అదే చదవాలి. అలా తొమ్మిది రోజులు చదివాను. పదోరోజు ఆవిడ, ఇంక పంపక్కర్లేదు అంది. వాళ్ళమ్మ ఆ మెట్లమీద జారిపడింది. తుంటి విరిగింది. ఆవిడ తిట్టలేదు మావయ్యా. తిట్టినా బావుండేది. మీరు రోజూ ఎంతో మర్యాదగా మాట్లాడారు, థాంక్సండీ అని పెట్టేసింది.”

“పైపు బాగుచెయ్యాల్సింది నువ్వా?”

“కాదు.”

“మనిషిని పంపాల్సింది?”

“నేను కాదు. రోజూ పైవాళ్ళకి రాసి పంపుతూనే ఉన్నాను. అవన్నీ నాకూ తెలుసు. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మాత్రం తెలీదు.”

“ఇది మా వాడికి చెప్పావా?”

“ఎలా చెప్పను? ఇంటికి రాగానే, ఇవాళ ఎంతమంది తిట్టారు అని నవ్వుతూ అడుగుతారు. నేనూ నవ్వుతూ లెక్క చెప్తాను. అదొక అలవాటైపోయింది. మీరు చెప్పారా ఆయనకి?”

“లేదు. అది నువ్వు చెప్పుకోవాల్సిన మాట.”

“నన్ను చూస్తున్నారని కూడా నాకు తెలీదు.”

“చూడకేం చెయ్యను? పరీక్షించమని ఫోన్ చేతిలో పెట్టావు. దానికి రోజూ ఎవరి సంగతో ఒకరి సంగతి చెప్పాలి. నావన్నీ ముందు నాలుగింటికే అయిపోయాయి.”

“వేరేవాళ్ళ గురించి అలా రాయకూడదు మావయ్యా.”

“తప్పే. నువ్వూ అడక్కుండా తెరిచి చదివావు. చెల్లుకు చెల్లు. ఈ రాత్రికి దాన్ని తుడిపించేద్దాం, ఆ మీట ఎక్కడుందో నాకు తెలుసు.”

“రేపు నేను రాకపోతే?”

“నేనొక్కణ్ణే వెళ్ళి నీ పేరు చెప్పి కూర్చుంటాను. వాళ్ళు నన్ను చూసి ఏమనుకుంటారో నీ ఇష్టం.”

“...మీరు నిజంగానే ఆ పని చేస్తారు.”

“చేస్తాను.”

“సరే, వస్తాను. కానీ అక్కడేం మాట్లాడాలి? నాకు సొంతంగా మాటలు రావు మావయ్యా. తెరమీద ఉంటేనే చదవగలను.”

“మాట్లాడకు. మొదటిసారి అరగంటసేపు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నా ఆవిడేమీ అనదు. పక్కన మంచినీళ్ళు పెట్టి ఊరుకుంటుంది.”

“వెళ్ళి చూసొచ్చినట్టే చెప్తున్నారే.”

“గోడవైపు కుర్చీలో మాత్రం కూర్చోకు, దాని కాలు ఊగుతుంది. స్క్రూ బిగించుకోండమ్మా అని ఆర్నెల్లుగా, వెళ్ళిన ప్రతిసారీ ఆవిడకి చెప్తూనే ఉన్నాను.”